గోడకు ఇవతలి వేడి

1961 జూన్ 12, బెల్లంపల్లి

బడి తెరిచారు. టీచర్లకు పాఠాల డైరీలు పంచారు. లెక్క తప్పి నాకు రెండు వచ్చాయి, ఒకటి తిరిగి ఇవ్వలేదు. ఇందులో పాఠాలు రాయను. మా ఇంట్లో దీన్ని చదివేవాళ్లు లేరు. ఆయనకు ఉర్దూలో సంతకం తప్ప అక్షరం రాదు. మా పసిబిడ్డ దుర్గకు ఇంకా ఏడో నెల.

ఏది రాద్దామని కూర్చున్నానో అది రాయకుండా ఇవన్నీ రాస్తున్నాను.

ఎడమ రొమ్ములో గడ్డ ఉంది. చింతగింజంత. స్నానం చేస్తుంటే చేతికి తగిలింది. పాలగడ్డ. పాలిచ్చే ఆడవాళ్లకు మామూలే.

జూన్ 14

పాలగడ్డే.

జూన్ 20

పక్క క్వార్టరు సత్తవ్వకు చూపించాను. మా లైన్లో పుట్టిన పిల్లలందరూ ఆమె చేతుల్లోనే పడ్డారు, దుర్గ కూడా. కూరగాయల దగ్గర వంకాయ నొక్కి చూసినట్టు రెండు వేళ్లతో నొక్కి చూసింది. పాలు గడ్డకట్టాయని, పరేషాన్ కావద్దని చెప్పింది. ఉమ్మెత్తాకుకు ఆముదం రాసి, వెచ్చజేసి కట్టమంది. కట్టాను. బడిలో ఆ వాసనకు రెండో తరగతి పిల్లలు ముక్కులు మూసుకుని ఒకరినొకరు చూసుకుంటున్నారు. ఎక్కాలు అప్పజెప్పమని అందరినీ నిలబెట్టాను.

ఆస్పత్రికి పోవచ్చు కదా అని నన్ను నేనే అడిగాను. పోను. అక్కడ డాక్టర్లు మగవాళ్లు. కాంపౌండర్ మా ఆయనతో కూర్చుని కల్లు తాగే మనిషి. సాయంత్రానికి లైనంతా నా రొమ్ము గురించే మాట్లాడుకుంటారు.

జూలై 3

ఆయనకు చెప్పాను. మొగుడి పేరు నోటితో అనకూడదంటారు. కాగితం మీద రాస్తే ఎవరూ వినరు కాబట్టి రాస్తున్నాను. కొండల్.

గనిలో గోడలు కట్టే ముఠాలో పని. బొగ్గు తీసేసిన పాత తావుల్లో నిప్పు దానంతట అదే పుడుతుందట. నీళ్లకు ఆరదట. అప్పుడు అటు పోయే దారులన్నీ ఇటుకలతో మూసేస్తారు. గాలి అందక మంట లోపలే అణిగిపోతుంది. ఆ తర్వాత రోజూ ఒకరు వెళ్లి ఆ గోడ మీద అరచెయ్యి ఆనించి చూడాలి. చల్లగా ఉంటే సరే. ఈయన రోజులో సగం పని అదే. మా పెళ్లయిన కొత్తలో, గోడలకు జ్వరం చూసే డాక్టరువి అని ఏడిపించేదాన్ని.

చెప్పగానే కంచం ముందు నుంచి లేస్తాడనుకున్నాను. లేవలేదు. ముద్ద నమిలి మింగి, నీళ్లు తాగి అన్నాడు.

"ఉండనియ్యి దాన్ని. కదిలియ్యకు, పిసకకు. చుట్టూత గట్టిగ మూస్తే దానంతలదే చస్తది."

పాత చీర చింపి పట్టీలా బిగించి కట్టుకోమన్నాడు. ఆ మాట వినగానే నాకు ఆకలి వేసింది. మాడిన అడుగంటు కూడా గీక్కుని తిన్నాను.

జూలై 4

పట్టీ కట్టాను. ఊపిరి పీల్చుకోవడం కష్టంగా ఉంది, కానీ ధైర్యంగా కూడా ఉంది.

జూలై 19

ఇవాళ గడ్డ చూసుకోలేదు. బుద్ధిగా ఉన్నాను.

చూశాను. అంతే ఉంది. చింతగింజే.

ఆగస్టు 6

నాలుగు రోజులుగా ముసురు. బొగ్గు పొయ్యి పొగ ఇంట్లోంచి బయటికి పోనంటోంది. కళ్లు మండుతున్నా ఇది రాయాలి.

గోడ లేచింది. పొద్దున పట్టీ విప్పి చూస్తే గడ్డ పెరగలేదు. దాని చుట్టూ మాత్రం గట్టిగా ఉంది. మొన్నటిదాకా మెత్తగా ఉన్న చోటే. గడ్డను అటూ ఇటూ జరుపుదామంటే ఇదివరకు వేలు కింద జారిపోయేది, ఇప్పుడు కదలడం లేదు. పాతుకుపోయినట్టుంది. ఆయన చెప్పినట్టే చుట్టూ మూసుకుంది. ఇక లోపల గాలి అందక చావాల్సిందే.

ఆయన షిఫ్టు నుంచి వచ్చేసరికి గారెలు చేశాను. ఎందుకని అడిగితే చెప్పాను. నవ్వాడు. గారెల మూకుడు ముందు పెట్టుకుని బిడ్డను ఒళ్లో కూర్చోబెట్టుకుని, నీ అవ్వ గోడ కట్టింది చూడు అని నన్ను చూపించి దానికి చెప్పాడు. ఇంత సంతోషంగా ఈ మధ్య ఎప్పుడూ లేము.

ఆగస్టు 28

దుర్గ ఎడమవైపు పాలు తాగడం లేదు. నోటికి అందించగానే మొహం తిప్పేస్తోంది. కుడివైపు పెడితే ఆవురావురుమని తాగుతుంది. ఆముదం వాసనకేమో. ఆకు మానేశాను.

ఆగస్టు 31

ఆకు మానేసి మూడు రోజులు. సబ్బుతో కడిగాను. అయినా తాగదు. దానికీ మొండితనం వచ్చింది, నా పోలికే.

సెప్టెంబర్ 15

ఇన్‌స్పెక్టర్ వచ్చి పోయాడు. నా తరగతి బాగుందన్నాడు. జాకెట్లు బిగుతవుతున్నాయి, ఒక్క ఎడమవైపే. కుట్లు ఊడదీసి వదులు చేసుకున్నాను. బిడ్డను ఎత్తుకుని ఎత్తుకుని ఎడమ చెయ్యి లాగుతోంది. చంకలో చిన్న గింజలాంటిది వచ్చింది. చెమటకాయ. ఈ ఊళ్లో బొగ్గు దుమ్ముకు ఎవరికి రావు.

సెప్టెంబర్ 16

గడ్డ పెరగలేదు. అది ముఖ్యం.

అక్టోబర్ 17

సద్దుల బతుకమ్మ.

తంగేడు, గునుగు పూలతో ఈసారి పెద్దది పేర్చాను. వాగు దాకా మోయడం నావల్ల కాలేదు. చెయ్యి భుజం పైకి లేవలేదు. తాంబాళం జారబోతుంటే సత్తవ్వ పట్టుకుంది, తన నెత్తి మీద పెట్టుకుని నడిచింది. ఆడవాళ్లు చూశారు. చప్పట్లు కొడుతూ తిరిగేటప్పుడు కూడా నేను వంగి కొట్టలేక ఊరికే నడిచాను. టీచరమ్మకు పొగరెక్కిందని ఎవరో అన్నారు. అననీ. పొగరు అనుకుంటే మంచిదే.

ఇంటికొచ్చి అద్దంలో చూసుకున్నాను. ఇన్నాళ్లూ వేలితోనే చూశాను, కళ్లతో చూడలేదు. చర్మం గుంటలు గుంటలుగా ఉంది, బల్లార్షా బండిలో వచ్చే సంత్రా పండ్ల తొక్క మాదిరి. చనుమొన లోపలికి పోయింది. పట్టీ ఒరిపిడికి అట్లా అయి ఉంటుంది.

పై వాక్యం కొట్టేద్దామనుకున్నాను. ఉండనీ.

అక్టోబర్ 24

సత్తవ్వ పిలవకుండానే వచ్చింది. తలుపు గడియ పెట్టి, జాకెట్ విప్పమంది. ఈసారి వంకాయ నొక్కినట్టు నొక్కలేదు. చంకలో చెయ్యి పెట్టి చూసింది. చేతులు కొంగుకు తుడుచుకుని కూర్చుంది. ఏ ఆకు కట్టాలో చెప్పమంటే, ఇది ఆకులతో పొయ్యేది కాదని, మా అవ్వగారింటికి సుల్తానాబాద్ పోయి అటు నుంచి కరీంనగర్‌లో ఆడ డాక్టరు దగ్గరికి పొమ్మని చెప్పింది.

నాకు ఒళ్లు మండింది. జూన్లో పాలగడ్డ అన్నది నువ్వే కదా అని అరిచాను. చదువు రాని మంత్రసానిని అడగడం నాదే తప్పని కూడా అన్నాను. ఆమె లేచి నిలబడింది. ఉయ్యాలలో బిడ్డను ఓసారి సర్ది, వెళ్లిపోయింది. తర్వాత చాలాసేపు గోడవైపు తిరిగి పడుకున్నాను. అన్న మాటకు ఇప్పుడు సిగ్గుగా ఉంది, కానీ ఆమె ముఖం చూస్తే భయమేస్తుంది కాబట్టి వెళ్లి చెప్పలేను.

అక్టోబర్ 30

అవ్వకు మోకాళ్ల నొప్పులని, చూసి వస్తానని ఆయనకు చెప్పాను. పొమ్మన్నాడు.

నవంబర్ 9, సుల్తానాబాద్

కరీంనగర్ పోయి వచ్చాము, అవ్వ, నేను, చంకలో దుర్గ. నన్ను కన్న అవ్వ పేరు కనకవ్వ. బాపు పోయినప్పటి నుంచి మగ్గం తనే నేస్తుంది. బస్సులో దారంతా నా చెయ్యి పట్టుకునే కూర్చుంది. చిన్నపిల్లనా నేను అని విదిలించుకున్నాను, మళ్లీ పట్టుకుంది.

డాక్టరమ్మ కోస్తా వైపు మనిషి, నాకంటే నాలుగైదేళ్లు పెద్దదై ఉంటుంది. ఆమె చూసిన తీరు నాకు ఇంకా కళ్లముందే ఉంది. గడ్డను ఒక్కసారే ముట్టింది. దాన్ని వదిలేసి చుట్టూ ఉన్న చోటంతా వేళ్లతో నొక్కుతూ, చర్మం మడత పట్టి చూస్తూ, చంకలోకి, మెడ కిందికి పోయింది. నేను ఆగలేక, గడ్డ ఇక్కడుంది అని చూపించాను. తెలుసమ్మా అంది.

గడ్డ పెరగలేదని గర్వంగా చెప్పాను. చుట్టూ గోడ కట్టిందని, మా ఆయన పనిలో మంటకు గోడ కట్టినట్టే ఇదీ లోపల బందీ అయిందని కూడా చెప్పాను. ఆమె నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చుంది.

"ఆ గోడ మీరు కట్టింది కాదమ్మా. గడ్డ కట్టించుకుంది. అది మీ కండే, మీ కొవ్వే, కానీ ఇప్పుడు మీ మాట వినడం మానేసి దాని మాట వింటోంది."

నాకు అర్థం కాలేదని ముఖంలో కనిపించి ఉంటుంది. నిదానంగా చెప్పింది. ఇలాంటి గడ్డ ఒంటరిగా ఉంటే అది పెద్దగా చేసే కీడేమీ లేదట. దాని చుట్టూ ఉన్న కండ ఎలా ఉందన్నదే అసలు సంగతట. కొందరిలో చుట్టూ ఉన్నది దాన్ని ఏళ్ల తరబడి అట్లాగే అణచి ఉంచుతుందట. కొందరిలో చుట్టూ ఉన్నదే గట్టిపడి, బిగిసి, దానికి నెత్తురు అందించి, పోవడానికి దారి కూడా ఇస్తుందట. ఒకే పత్తి గింజను ఎర్ర చెల్కలో వేస్తే ఒక తీరు, నల్ల రేగడిలో వేస్తే ఒక తీరు మొలుస్తుంది కదా అని అడిగింది. ఎందుకు అట్లా మారుతుందో తమకు కూడా పూర్తిగా తెలియదంది. తెలియదని చెప్పే డాక్టరును మొదటిసారి చూశాను. ఆ మాటతోనే ఆమెను నమ్మాను.

కాన్సర్ అని ఆమె అన్నప్పుడు అవ్వకు అర్థం కాలేదు. నాకు అయింది. బయట బెంచీ మీద బిడ్డ ఎవరిదో టోపీ లాక్కుని నవ్వుతోంది.

సికింద్రాబాద్ పోయి వెంటనే ఆపరేషన్ చేయించుకోవాలి. రొమ్ము మొత్తం తీస్తారు. ఇవాళ్టి నుంచే బిడ్డకు పాలు మాన్పించాలి. గడ్డ చిన్నగా ఉందని కూర్చుంటే సంక్రాంతి దాటనివ్వదని చెప్పింది.

నవంబర్ 10, సుల్తానాబాద్

పొద్దున లేచేసరికి అవ్వ మగ్గం మీద కూర్చుని ఉంది, కానీ నేయడం లేదు. పక్కన కూర్చున్నాను.

"పానం ముఖ్యం బిడ్డా. రొమ్ము లేకుంటే ఏమాయె, నేను లేనా పొల్లను చూసుకోను," అంది.

దుర్గను ఎట్లా వదులుతాను అని అన్నాను. ఇదివరకు ఇద్దరు పుట్టి పురిట్లోనే పోయారు. ఇది మూడోది. రాత్రి ఇది నా పక్కన ఊపిరి తీస్తుంటే వింటేనే నాకు నిద్ర పడుతుంది. పాలు మాన్పించడమంటే ఏమిటో అవ్వకు తెలియదా. తెలుసు. అయినా ఆమె మాట వెనక్కి తీసుకోలేదు.

పాలు ఇవాళ కూడా ఇచ్చాను. కుడివైపే కదా.

నవంబర్ 14, బెల్లంపల్లి

చెప్పాను. ఆయన వద్దన్నాడు.

ఇంత గట్టిగా వద్దంటాడని నేను అనుకోలేదు. కోస్తే పాకుతుందట. మూసిన దాన్ని తెరవొద్దట. డాక్టరమ్మ చెప్పిందంతా మళ్లీ మొదటి నుంచి చెప్పాను, గింజ, చెల్క, రేగడి, అన్నీ. గని సంగతి ఆ డాక్టరమ్మకు ఏం తెలుసన్నాడు. ఇది గని కాదు నా ఒళ్లు అని అరిచాను. పక్క క్వార్టర్లలో మాటలు ఆగిపోయాయి, మా మాటలు వినడానికి.

అప్పుడు ఆయన రాయమల్లు బావ పేరు ఎత్తాడు. ఆయన అన్న. మా పెళ్లికి ముందే గనిలో పోయాడని మాత్రమే నాకు తెలుసు. ఎలా పోయాడో ఈ ఇంట్లో ఎవరూ చెప్పరు. ఇవాళ చెప్పాడు. గోదావరి అవతల పాత గనిలో, మంట చల్లారిందనుకుని ఓ గోడకు కన్నం పెట్టారట. పెట్టింది రాయమల్లు బావే. వెనక తట్ట పట్టుకుని నిలబడింది ఈయన. గాలి తగలగానే లోపలి మంట బయటికి వచ్చింది.

"నా కండ్ల ముంగట పాయె సారక్కా. నేనే గా గోడ తెరువనియ్యకుండ ఆపాల్సుండె. నిన్ను తెరువనియ్యను."

చెప్పి బయటికి పోయి అరుగు మీద కూర్చున్నాడు. నేను కోపంతో ఉడికిపోతున్నాను, ఆయన మీద జాలి పడుతున్నాను. రెండూ ఒక్కసారే ఎట్లా వస్తాయో.

నవంబర్ 17

ఆయన చెప్పిందే నిజమైతే? డాక్టరమ్మకు కూడా పూర్తిగా తెలియదంది కదా.

నవంబర్ 19

ఒక్కదాన్నే పోదామా అని చూశాను. మొగుడి సంతకం అడుగుతారట. అవ్వ సంతకం పనికి రాదా? జీతం నాది, ఒళ్లు నాది, సంతకం ఆయనది.

నవంబర్ 22

బడిలో పిల్లవాడికి లెక్క చెబుతూ చెబుతూ మధ్యలో మర్చిపోయాను. నిలబడిపోయాను. పిల్లలు భయపడ్డట్టున్నారు, ఎవరూ అల్లరి చేయలేదు. అల్లరి చేస్తే బాగుండేది. ఇంట్లో ఊడ్చిన చోటే మళ్లీ ఊడుస్తున్నాను. నీళ్లకు పోయి బిందె పంపు కిందే వదిలేసి వచ్చాను. డాక్టరమ్మ చెప్పిన రోజు నుంచి రెండు వారాలు గడిచాయి. రోజూ ఒకసారి లేచి సంచీ సర్దుతాను, మళ్లీ తీసేస్తాను.

దుర్గకు పాలు ఇస్తూనే ఉన్నాను. ఇంకొక్క రోజు అనుకుంటూ.

నవంబర్ 24

ఎడమవైపు ఎర్రగా ఉంది. పట్టీ కట్టడం మానేశాను.

నవంబర్ 27

జరిగింది జరిగినట్టు రాస్తాను.

పొద్దున ఆయన నైట్ షిఫ్టు దిగి వచ్చాడు. స్నానం చేసి, చాయ్ తాగుతూ కూర్చున్నాడు. బిడ్డ నిద్రపోతోంది. నేను తలుపు గడియ వేశాను. పట్టపగలు ఆయన ముందు జాకెట్ విప్పింది ఇదే మొదటిసారి. ఆయన తల తిప్పుకున్నాడు. ఈ ఐదు నెలలూ ఆయన దాన్ని ఒక్కసారి కూడా చూడలేదు, ముట్టలేదు. గోడ గోడ అనడమే కానీ, ఆ గోడ దగ్గరికి రాలేదు.

ఆయన కుడి అరచెయ్యి పట్టుకుని, ఆ ఎర్రగా ఉన్న చోట ఆనించాను. గడ్డ మీద కాదు, దానికి దూరంగా, పక్కటెముకల వైపు. వెనక్కి లాక్కోబోయాడు. వదల్లేదు.

ముందు ఆయన ముఖంలో సిగ్గే ఉంది. తర్వాత ఆ చెయ్యి దానంతట అదే కదిలింది. వేళ్లు మూసి, అరచెయ్యి పూర్తిగా ఆనించి, కళ్లు మూసుకున్నాడు. కొంచెం పైకి జరిపాడు, ఆగాడు. చంక వైపు జరిపాడు, ఆగాడు. కుడివైపు ఆనించి చూశాడు. మళ్లీ ఎడమవైపు. గనిలో ఆయన పని నేను ఎప్పుడూ చూడలేదు, అది ఇట్లాగే ఉంటుందని అప్పుడు తెలిసింది.

నేను ఏమీ చెప్పక్కర్లేకపోయింది. చెయ్యి తీసి, లుంగీకి తుడుచుకున్నాడు.

"గోడకు ఇవతల గింత వేడి ఉన్నదంటే, మంట లోపట లేదు," అన్నాడు.

అట్లా ఉంటే గనిలో ఏం చేస్తారని అడిగాను. ఇంకా వెనక్కి జరిగి, మంట పట్టిన బొగ్గు మొత్తం తవ్వి తీసేస్తారట. బాగున్న బొగ్గు కూడా చుట్టూ కొంత పోతుందట. పోనీ అనుకుంటారట.

ఆయన అట్లాగే కూర్చుని ఏడ్చాడు. నేను జాకెట్ వేసుకుని, ఆయన తల తుడిచాను. చెరువులో ఈత కొట్టి వచ్చినవాడిలా ఇంకా తడిగానే ఉంది జుట్టు. మధ్యాహ్నం బండికే పోదామన్నాడు. సెలవు చీటీ రాయాలి, బిడ్డను అవ్వ దగ్గర దించాలి, రేపు పోదామన్నాను. ఇప్పుడు తొందర ఆయనది.

సాయంత్రం సత్తవ్వ తన గుమ్మంలో నిలబడి ఉంటే దగ్గరికి వెళ్లి చేతులు పట్టుకున్నాను. ఆనాటి మాట ఎత్తబోతే చేత్తో నా నోరు మూసింది.

నవంబర్ 29, సుల్తానాబాద్

దుర్గను అవ్వకు అప్పజెప్పాను. మేక పాలకు అలవాటు చేయాలట. చివరిసారి పాలు ఇస్తున్నానని బిడ్డకు తెలియదు. తాగుతూ తాగుతూ వదిలేసి, గోడ మీద బల్లిని చూసి నవ్వింది. నేను మళ్లీ నోటికి అందించాను. వద్దంది. దానికి కడుపు నిండింది.

బస్సెక్కేదాకా వెనక్కి చూడలేదు. చూస్తే దిగిపోయేదాన్ని.

డిసెంబర్ 4, సికింద్రాబాద్

ఆస్పత్రి. పెద్ద డాక్టరు కూడా చుట్టూనే చూశాడు. చంకలోది చెమటకాయ కాదు.

కాగితం మీద ఆయన ఉర్దూలో సంతకం పెట్టాడు. కింద నా పేరు కూడా నేనే తెలుగులో రాశాను, ఎవరూ అడగకపోయినా.

డిసెంబర్ 6

రేపు.

నేను భయపడడం లేదు.

భయంగా ఉంది. చచ్చిపోతే దుర్గకు నా ముఖం గుర్తుండదు. అంతే, ఇంకేం లేదు, అదొక్కటే. మిగిలినవన్నీ ఎట్లా అయినా సర్దుకుంటాయి.

డిసెంబర్ 19

బతికి ఉన్నాను. నాలుగు అక్షరాలకు చెయ్యి అలిసింది.

1962 జనవరి 3

కూర్చోగలుగుతున్నాను. గడ్డ కొలిచి చూస్తే చిన్నదేనట. దాని చుట్టూ తీసిందే ఎక్కువట, చర్మం, కండ, చంకలో గింజలు, అన్నీ. గింజల్లో కొన్నిటిలోకి పాకింది. కొన్నిటిలోకి పాకలేదు. పాకిన వాటి లెక్క ఎంతని ఆయన అడగబోతే వద్దన్నాను.

ఇక నయమైనట్టేనా అని నేను అడిగాను. పెద్ద డాక్టరు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. ఇప్పుడు తీయగలిగింది తీశామని, మిగిలింది ఒంట్లో ఎక్కడైనా దాక్కుంటే అక్కడి నేల దాన్ని పెరగనిస్తుందో లేదో చెప్పలేమని అన్నాడు. మూడు నెలలకోసారి వచ్చి చూపించుకోవాలి. ఆరు వారాలు కరెంటు పెట్టించుకోవాలి, మిషన్ కింద పడుకోబెట్టి కిరణాలు పంపుతారట.

ఆగస్టు 6న రాసింది చదివాను. గారెలు చేసిన రోజు. ఆ పేజీ చించేద్దామనుకుని, చించలేదు. ఆ రోజు ఆయన అంత బాగా నవ్వాడు మరి.

జనవరి 20

కరెంటు. నోరు చేదు. రోజంతా వరండాలో నడుస్తున్నాను, ఒకచోట కూర్చోలేను. పక్క మంచం ఆమెది వరంగల్ వైపు, ఆమెకు ఇద్దరు కొడుకులట. ఇవాళ పొద్దున ఆమె మంచం ఖాళీగా ఉంది. ఇంటికి పోయిందన్నారు. ఎవరినీ రెండోసారి అడగలేదు.

ఫిబ్రవరి 11

కుడివైపు చెయ్యి పెట్టి చూశాను. ఏమీ లేదు. గంట తర్వాత మళ్లీ చూశాను. చుట్టూ కూడా చూశాను. ఏమీ లేదు. ఇట్లా ఎన్నేళ్లు చూడాలో. ఆయన గమనించి, నా చెయ్యి తీసి తన చేతిలో పెట్టుకున్నాడు. వదిలితే మళ్లీ చూస్తానని తెలుసు.

మార్చి 2, సుల్తానాబాద్

వచ్చేశాను.

బస్సు దిగి ఇల్లు చేరేదాకా నడవలేదు, పరిగెత్తాను. ఆయన సామాన్లతో వెనకే, ఆగు, పడతావు అంటూ వస్తున్నాడు. నాకు వినిపిస్తేగా. వాకిట్లో దుర్గ నిలబడి ఉంది. నిలబడి. నేను పోయేటప్పుడు పాకేది. జుట్టు పెరిగింది. నన్ను చూసింది. ఎవరో కొత్త మనిషి వచ్చిందని చూసింది. చేతులు చాచాను. అది వెనక్కి తిరిగి, పడుతూ లేస్తూ, మగ్గం దగ్గరికి పోయి మా అవ్వ కాళ్ల మధ్య దూరింది.

"అవ్వా," అంది.

తల్లిని పిలిచే పిలుపు. నేను మా అవ్వను పిలిచేదీ అదే. ఇంటికి వచ్చే వాళ్లందరూ ఆమెను అట్లాగే పిలుస్తారు, ఇది అదే నేర్చుకుంది. అవ్వ ముఖం నల్లబడింది. దాన్ని ఎత్తుకుని, నేను కాదు, గామె నీ అవ్వ అని నా వైపు తిప్పుతుంటే అది గుక్కపట్టి ఏడ్చింది. ఎత్తుకుందామని చూశాను. నన్ను తన్నింది. పాలు మరిచిపోతుందని తెలుసు. నన్ను మరిచిపోతుందని కూడా తెలుసు. తెలిసినంత మాత్రాన తప్పుతుందా. లోపలికి వచ్చి తలుపు వేసుకుని ఏడ్చాను. ఈ తొమ్మిది నెలల్లో ఇంత ఏడవలేదు.

మార్చి 5

ఇంకా రావడం లేదు. బిస్కెట్ ఇస్తే తీసుకుంటుంది, తీసుకుని అవ్వ దగ్గరికి పోతుంది. ఆయన దగ్గరికి మాత్రం పోతుంది. అందుకు ఆయన మీద కోపంగా ఉంది.

మార్చి 9

ఇవాళ అవ్వ నూలు మేకులకు చుట్టి ఆసు పోయడానికి కూర్చుంది. దుర్గ ఆమె పక్కన కూర్చుని చిక్కు దారాలతో ఆడుతోంది. నేను కొంచెం దూరంగా కూర్చుని చూస్తున్నాను. దగ్గరికి జరిగితే ఏడుస్తుంది కాబట్టి జరగలేదు. అది ఆడుతూ ఆడుతూ తల ఎత్తి, ఆమెనే అవ్వా అని పిలిచింది. అవ్వ నా ముఖం చూసి, పిల్లను కోప్పడబోయింది.

"పిలువనియ్యి అవ్వా," అన్నాను. "నేనిక్కడ్నే ఉన్న గద. వినవస్తున్నది."

అవ్వ ఆసు ఆపింది. బిడ్డ మాత్రం మళ్లీ పిలిచింది. మళ్లీ మళ్లీ పిలిచింది, నేను ప్రతిసారీ విన్నాను.